కృపాసింధు బాబు పటం

మహాపాత్ర గారికి,

గంజాం తీర వాతావరణ కేంద్రం నుంచి నమస్కారాలు. ఇక్కడి కంప్యూటర్లలో ఎవరి వాతావరణ పటం వారికి నచ్చిన రంగుల్లో, వారు కోరిన చోట తెరుచుకునేలా ఒక్కొక్కరికీ సెట్టింగుల ఫైలు రాసిపెట్టడం నా పని. చేసిన ప్రతి మార్పునూ ఏ రోజుకారోజు పుస్తకంలో రాసుకుంటాను.

మా కేంద్రంలో తుపాను హెచ్చరికలు చూసే కృపాసింధు బాబు చనిపోయి మూడు నెలలైంది. ఆయన పటంలో సముద్రం ఎర్రగా ఉంటుంది. తుపాను కదిలే కొద్దీ పటం నడిమి గుర్తును ఆయనే రోజూ జరిపేవారు. పది రోజులుగా ఆ గుర్తు తీరం వైపు జరుగుతోంది. ఆ మార్పులు నా పుస్తకంలో లేవు.

నన్ను అన్నగా భావించి భాయినా అని పిలిచే పక్క బల్ల సుమిత్రతో చెబితే, "ఏం భాయినా, పోయినా ఆయన డ్యూటీ దిగలేదా?" అని నవ్వింది. ఉపగ్రహ చిత్రంలో మేఘం లేదు. "మేఘం కనబడేదాకా ఆగేట్టయితే మనమెందుకయ్యా, కిటికీ చాలదా?" అనేవారు కృపాసింధు బాబు.

మీరు చెప్పినట్టే నిన్న ఆయన సెట్టింగుల ఫైలు తీసేశాను. ఈ ఉదయం నా పటం ఎర్రటి సముద్రంతో తెరుచుకుంది. గుర్తు కంటియాగడ రేవు మీద ఉంది. రేపు అక్కడి నుంచి నలభై పడవలు వేటకు వెళ్లాలి.

మిమ్మల్ని అడగకుండానే పడవలు ఆపమని కబురు పంపాను. రేపు ఎండ కాస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి.

ఒక్క మనవి. మీ పటాన్ని నీలి సముద్రంతో, భువనేశ్వర్ మీద తెరుచుకునేలా నేనే అమర్చాను. ఈ ఉత్తరం అందగానే దాన్ని ఒకసారి తెరిచి చూడండి.