వీలునామా మీది వేలిముద్ర

అవ్వా, నేను మంచిగున్న, రంది పెట్టుకోకు. ఫోన్ల నీకు వినబడదని కార్డు రాస్తున్న, అక్కతోని చదివించుకో.

నాయిన పొలం నాకు రాసిన వీలునామా కేసుల, సాక్ష్యాలన్నీ అయిపోయినంక పెద్దన్న వేలిముద్రల నిపుణుణ్ణి తెచ్చిండు. ఆలస్యమైందని మన వకీలు మొత్తుకున్నా జడ్జి ఒప్పుకున్నడు. "ఆయన పనిచేసిన పటాన్‌చెరు కంపెనీ కాగితాల మీద ఆయన ముద్రలో గీతలే లేవు, కెమికల్స్‌కు అరిగిపోయాయి. వీలునామాలో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి" అన్నడా నిపుణుడు.

నాకేం సమజైతలేదు. రేషన్ మిషను నాయిన వేలు పట్టకుంటే నీ వేలు పెడ్తుంటివి గద. వీలునామా రాసిన దినం గూడ గట్లనే పెట్టినవా? పొలం నాకే అని నాయిన అనంగ నేను విన్న. మరి కోర్టుల ఏం చెప్పాలె?

బర్రె ఈనిందా? అక్కకు, బావకు దండాలు. వచ్చే వాయిదాకు నిన్ను పిలిచి వేలిముద్ర తీసుకుంటరంట. గడ్డి కోసేటప్పుడు బొటనవేలు పైలం.

నీ బిడ్డ వనజ