ఖాళీ చూపించని మెషిన్

బావమరిదికి,

మీ అక్క వంట తింటూ కూడా ఆరోగ్యంగానే ఉన్నాను. మెషిన్లు చూసుకోవడం నీ ఉద్యోగం కాబట్టి ఈ కష్టం నీకే చెప్పుకోవాలి.

మా కంటాసుపత్రి రికార్డు గదిలో యూనిక్స్ మెషిన్, అదే ఆ పెద్ద కంప్యూటరు, ఉందిగా, రోగుల కాగితాలన్నీ దాన్లోనే. నెల కిందట కొత్త రిజిస్టరొచ్చింది. నీళ్ళ ట్యాంకు, జనరేటరు డీజిలు, మెషిన్ మెమరీ, మూడింట్లో ఎంతెంత మిగిలిందో నేను రోజూ రాయాలి. పొద్దున్నే చూస్తే మెషిన్లో 'ఫ్రీ' అన్నచోట రెండొందల ఎంబీ. ఉండాల్సింది ఆరువేలు. ట్యాంకైతే మోటారేస్తాను. దీనికి మోటారేదీ? రిజిస్టర్లో మాత్రం మధ్యాహ్నానికి ఆరువేలకి తగ్గకుండా రాస్తున్నాను. ఎలాగో అడక్కు.

ఈ నెల్లాళ్ళుగా మెషిన్ మధ్యాహ్నాలు నత్తలా నడుస్తోందని డాక్టర్ల గోల. ముప్ఫయ్యో తారీకున దాన్ని అమ్మేస్తారట. అప్పుడు నేను గేటు దగ్గర టోకెన్లివ్వాలి.

దిక్కుతోచని
మీ బావ

తా.క. మెషిన్ కింద తడి ఉందేమోనని చెయ్యిపెట్టి చూశాను. లేదు.

బావగారికి నమస్కారాలు.

అది ట్యాంకు కాదు. ఒకసారి తీసిన కాగితాన్ని, మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని, ఖాళీగా ఉన్న మెమరీలో చేతికందేలా పెట్టుకుంటుంది. ఖాళీ తగ్గిందంటే పని జరుగుతున్నట్టు. చివర 'అవైలబుల్' అని ఉంటుంది. కావాలంటే ఎంత ఇవ్వగలదో అదీ లెక్క. అది చూడండి.

మీ బావమరిది

తా.క. దయచేసి ఏమీ నొక్కకండి.

బావమరిదికి,

చూశాను. ఇటు రెండొందలే ఖాళీ అంటుంది, అటు ఐదున్నర వేలిస్తానంటుంది. జేబు ఖాళీ అంటూనే ఊరందరికీ టీలు చెప్పే మనిషిని నమ్ముతామా?

నా జాగ్రత్తలో నేనున్నాను. ఎండాకాలం నీళ్ళకి పెట్టినట్టే దీనికీ రేషన్ పెట్టాను. ఒక్కో డాక్టరుకి పూటకి నాలుగు ఫైళ్ళు. పెద్ద డాక్టరు ఐదోది అడిగితే రేపు రండన్నాను.

పొదుపరి
మీ బావ

తా.క. ఆయన రాలేదు. నోటీసొచ్చింది.

బావగారూ,

ముందా రేషన్ ఎత్తెయ్యండి. ఒక్క సంగతి చెప్పండి. మెషిన్ రాకముందు మీ బల్ల ఎలా ఉండేది? భోజనం తెస్తే క్యారేజీ పెట్టడానికి జానెడు చోటు ఉండేది కాదని అక్క ఇప్పటికీ అంటుంది. మరి ఎక్కడ తినేవారు?

కంగారుగా
మీ బావమరిది

తా.క. ఆ ఆరువేలు ఎలా వస్తున్నాయి? ఇప్పుడు అడుగుతున్నాను.

బావమరిదికి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ మెషిన్ ఎదురుగా కూర్చున్నాను.

బల్లమీదే తినేవాణ్ణి. మళ్ళీ రాబోయే రోగుల ఫైళ్ళు ముందే తీసి బల్లనిండా పేర్చుకునేవాణ్ణి. అడిగీ అడగకముందే చేతిలో పెట్టేవాణ్ణి. మీ అక్క క్యారేజీతో వస్తే, ఎవరూ అడగని నాలుగు ఫైళ్ళు బీరువాలోకి తోసేవాణ్ణి. చోటు వచ్చేది. ముప్ఫయ్యేళ్ళు అదే నా పనితనం అనుకున్నాను. ఎవరూ నేర్పకుండా ఈ ఇనప్పెట్టె అదే చేస్తోంది. అదీ క్షణానికి వేలసార్లు, నాలా విసుక్కోకుండా. లేచి నిలబడ్డాను, బావమరిదీ. కూర్చోబుద్ధి కాలేదు.

ఇక ఆ ఆరువేల సంగతి. రోజూ భోజనానికి వెళ్తూ మెషిన్ ఆపి, మళ్ళీ వేసేవాణ్ణి. ఆరువేలూ కనిపించేవి. అంటే అది నిన్నటినించీ సర్దుకున్న బల్లని రోజూ నేనే ఊడ్చేశానన్నమాట. మధ్యాహ్నం డాక్టర్లు అడిగిన ప్రతి కాగితానికీ పాపం అది మళ్ళీ బీరువా దాకా నడిచింది. నత్త మెషిన్ కాదు, నేను.

ఇరవయ్యెనిమిదిన పెద్ద డాక్టరు గదికెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. గేటు కుర్చీ ఎలా ఉంటుందో వెళ్తూ వెళ్తూ చూసుకున్నాను కూడా. ఆయన అంతా విని, రెండ్రోజులు దాని స్విచ్చి ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ముప్ఫయ్యిన ఆయనే వచ్చి, వరసగా పది ఫైళ్ళు అడిగారు. మాట పూర్తికాకముందే తెరమీదున్నాయి.

"మెషిన్ ఉంటుంది, నువ్వూ ఉంటావు. ఇకనించి నీ ఉద్యోగం దాన్ని ముట్టుకోకపోవడం" అన్నారు.

ఆ ఉద్యోగంలోనే ఉన్న
మీ బావ

తా.క. ఆయన సంతోషించి దానికి ఇంకో ఎనిమిదివేల ఎంబీ మెమరీ కొనిపెట్టారు. మూడోరోజు చూస్తే 'ఫ్రీ' మళ్ళీ రెండొందలే. రిజిస్టర్లో 'క్షేమం' అని రాశాను.