చెల్లని దేవుడి మీద వేసిన ఒట్టు

యూట్లాండ్‌లో రాజుగారి పారుపత్యదారు ఎస్గే గారి సముఖమునకు, సరస్సు గట్టు రైతు స్కార్డి పాదిరిగారి చేత రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా గడ్డిబీడును పొరుగు రైతు బోవీ ఆక్రమించుట, తమరు పూటకొక దేవుణ్ణి మార్చుట.

1. సదరు బీడు మాది. దాని హద్దురాయి మీద మా తాత, బోవీ తాత చేతులు పెట్టి, టీర్ దేవుడి సాక్షిగా ఒట్టు వేసుకున్నారు. ఆ రోజుల్లో ఒట్టుకూ యుద్ధానికీ ఆకాశానికీ కూడా ఆయనే పెద్ద.

2. కిందటి వసంతంలో ఈ మాట మనవి చేయగా తమరు సెలవిచ్చినది: "టీరా? ఆ ఒంటిచేతివాడా? వాడి మాట ఇప్పుడెవడు వింటున్నాడు స్కార్డీ! పెద్దరికం ఓడిన్‌ది. పోయి ఆయన మీద ఒట్టేసి రా." అయ్యా, అది తాగి పడి విరగ్గొట్టుకున్న చెయ్యి కాదు. రాకాసి తోడేలును కట్టేసేటప్పుడు, మళ్ళీ విప్పుతామన్న దేవుళ్ళందరి మాటకూ పూచీగా దాని నోట్లో పెట్టిన చెయ్యి. మాట తప్పింది వాళ్ళందరూ, చెయ్యి పోయింది ఈయనకు. ఓడిన్ అయితే ఉంగరం పట్టుకుని ఒట్టేసి మరీ తప్పినవాడు. రాజులకు అలాంటివాడే నచ్చుతాడు లెండి. అయినా వేశాను.

3. కోతల కాలానికి తమ కొలువులో ఓడలవాళ్ళ మాట చెల్లుబాటయింది. "ఓడిన్ దొరల దేవుడు, మాకు థోరే కావాలి" అన్నారు. తమరు తలూపారు. రాక్షసుడు ఎత్తుకుపోయిన సుత్తి కోసం పెళ్ళికూతురి ముసుగు వేసుకున్న ఆ మహానుభావుడి మీదా ఒట్టేశాను.

4. ఈ వసంతంలో రాజుగారు బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడిక క్రీస్తు మీద ఒట్టే చెల్లునట. తమ మెడలో సిలువ చూశాను. దుప్పటి జారినప్పుడు థోర్ సుత్తినీ చూశాను. ఏ ఎండకా గొడుగు పట్టడం తమ దగ్గరే నేర్చుకోవాలి.

5. బోవీ మాత్రం తమరు అడిగిన దేవుడి మీదల్లా గుక్క తిప్పుకోకుండా ఒట్టేస్తున్నాడు. "ఒరే, మన తాతలు పెట్టినచోట, ఆ రాయి మీద పెట్టరా చెయ్యి" అన్నాను. చెయ్యి వీపు వెనక దాచుకుని, "పాత గొడవలిప్పుడెందుకులే అన్నా" అన్నాడు. చెల్లని దేవుడంటే అంత భయమెందుకో తమరే అడగండి.

6. గడ్డి కోతకొచ్చింది. వాన పడితే కుళ్ళిపోతుంది. కిందటి చలికాలం మేత లేక రెండు ఆవులు చచ్చాయి. మిగిలినవాటిని రోజూ పొద్దున్నే నా భార్య టోవా తోక పట్టి లేపి నిలబెట్టింది. ఇంకో చలికాలం అలా గడవదు. దేవుళ్ళ పంచాయితీ తేలేదాకా ఆవులు ఆకలి ఆపుకోవు కదండీ!

కావున బీడు ముందు నాకు ఇప్పించి, పెద్ద దేవుడెవరన్నది తరవాత తీరుబడిగా తేల్చుకోవలసిందిగా మనవి చిత్తగించవలెను.

ప్రస్తుతానికి తమ విధేయుడు,
స్కార్డి

తా.క. తమ బంటు ఇప్పుడే వచ్చి, విచారణ ఎప్పటిలాగే టీర్ వారం నాడని చెప్పి వెళ్ళాడు. టీర్ చెల్లనప్పుడు ఆయన పేరున్న వారం ఎలా చెల్లిందయ్యా ఎస్గే? నేను రాను. ఆ రోజు నా బీడులో గడ్డి కోసుకుంటుంటాను. ఆపాలనుంటే బోవీని పంపు. హద్దురాయి దగ్గరే ఉంటాను. వచ్చేటప్పుడు చెయ్యి తెచ్చుకోమను.