ఒక గంట ఎనిమిది నిమిషాలు

కాజీపేట,
12 నవంబరు 2025, బుధవారం.

నా మనవరాలు చిరంజీవి ఇందుకు,

నానమ్మ దీవెనలు. నేను కులాసా అని రాస్తే అబద్ధమవుతుంది. నిన్నటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఈ ఉత్తరం పక్కింటి యాకమ్మ చేత మడికొండలో నీ హాస్టల్‌కు పంపుతున్నాను. ఈరోజే చదువు.

సోమవారం నువ్వన్న మాట: "ఆదివారం తాత టైం కొట్టి అజహర్ పేరు మీద పెడ్త నానమ్మా. నువ్వు గడియారం పట్టుకొని కూసో, సాలు." నీ స్నేహితుడు పోయి పది రోజులే. వాడు లారీ కింద పడ్డ రోడ్డు మీదే నువ్వూ సైకిల్ తొక్కుతానంటున్నావు.

దాన్ని నేను పందెం అనను. పద్దెనిమిదేళ్లు పందేలు చూసి రాసినదాన్ని. రైల్వే వాళ్లు ఏటా ఒక ఆదివారం పెట్టేవారు. కాజీపేట నుంచి ఘన్‌పూర్ వెళ్లి రావాలి, నలభై కిలోమీటర్లు. డ్యూటీకి తొక్కే సైకిళ్లకే మడ్‌గార్డులు, స్టాండు ఊడదీసి వచ్చేవారు. ముందు జీపు నడిచేది. ప్రతి కూడలిలో పోలీసు లారీలను ఆపేవాడు. ముగింపు గీత దగ్గర గడియారంతో, రిజిస్టరుతో నేను. బడిలో లెక్కలు చెప్పేదాన్నని నాకా పని ఇచ్చారు. ఓడినవాడు గెలిచినవాడి పక్కనే కూర్చుని నిమ్మరసం తాగేవాడు.

ఇప్పుడు సైకిల్ ఒక్క చేత్తో లేస్తుంది. జీపు లేదు, పోలీసు లేడు, పక్కన తొక్కేవాడూ లేడు. లారీల మధ్య ఒక్కొక్కరే ఫోన్‌లోని అంకెను తరుముతారు. మీ సైకిల్ క్లబ్బు అన్నిటికంటే పైన పెట్టుకున్న అంకె నా రిజిస్టరులోదే: 1981, మీ తాత, 1 గంట 8 నిమిషాల 40 సెకన్లు.

అజహర్ గంటా పదకొండు నిమిషాల దాకా వచ్చాడు. "తాత సైకిల్‌కు మోటర్ పెట్టిండా ఏంది నానమ్మా?" అని నవ్వేవాడు. "నీలాగా పొద్దస్తమానం మిర్చీబజ్జీలు తినలేదులే" అన్నాను. మిగిలిన ఆ రెండు నిమిషాల కోసమే వాడు సిగ్నల్ దగ్గర ఆగలేదని, అవతలి పక్క నిలబడి చూసిన నువ్వే చెప్పావు.

నువ్వు తొక్కవద్దు బిడ్డా.

ఇట్లు,
నానమ్మ

తా.క. సంతకం కూడా చేశాను కానీ అసలు సంగతి రాయలేదు. ఆ అంకె అబద్ధం. ఆ రోజు మీ తాత ఘన్‌పూర్ చేరనే లేదు. దారిలో రైలు గేటు పడితే అక్కడి నుంచే తిరిగి వచ్చేశాడు. ఘన్‌పూర్‌లో వెనక్కి తిరిగిన ప్రతివాడి మణికట్టుకూ ఎర్ర నూలుపోగు కట్టేవారు. ఆయన చేతికి లేదు. "జర రాయవే, ఇజ్జత్ పోతది" అన్నాడు చెవిలో. రాశాను. నలభై నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. అజహర్ అడిగినప్పుడు కూడా.

ఇక జరగవలసినవి:

1. ఆదివారం నువ్వు సైకిల్ బయటకు తీయవు.
2. ఈ ఉత్తరం, తా.క.తో సహా, క్లబ్బులో అందరికీ చదివి వినిపించి ఆ అంకెను తీసెయ్యి.
3. రిజిస్టరులో ఆ వరుస కొట్టేసి ఈరోజు తేదీ వేశాను. రెండోవాడుగా రాసిన భానుచందర్ నిజానికి మొదటివాడు. ఆయన ఉంటే ఆయనకు, లేకుంటే పిల్లలకు కబురు చేయాలి.
4. రేపు పొద్దున పదింటికి నేను అజహర్ తల్లి సాబిరా ఇంటికి వెళ్తాను. గుమ్మం దాకా తోడు రా. ఆమె నన్ను ఏమన్నా, ఏం చేసినా, నువ్వు అడ్డు రావద్దు.