నోరు తెరవను

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. మీ వృద్ధుల హోమ్‌లో నువ్వూ, మా హోమ్‌లో నేనూ ఉత్తరాలు రాసుకుంటూ బాగానే ఉన్నాం. ఇక్కడ ఆయాల శిక్షణ మొదలైంది. అప్పట్నుంచి పొద్దున్నే ఒక పొడుగాటి ఆయా నన్ను నిటారుగా కూర్చోబెట్టి, ముఖం మీద టార్చి వేసి నోరు తెరవమంటోంది. నేను తెరవలేదు.

నీ అన్నయ్య

తా.క. జావ తప్ప ఏమీ తినడం లేదు. ఎందుకని అడగకు.

---

అన్నయ్యకి,

చెల్లెలి నమస్కారాలు. 'శిక్ష' పక్కన 'ణ' చెయ్యి జారి పడినట్టుంది. టార్చి వేసి నోరు తెరవమన్నారంటే ఏదో కూపీ లాగుతున్నారన్నమాట. అక్కడ ఏం పోయింది? నువ్వు తీశావా? తీసినా తియ్యకపోయినా నోరు మెదపకు.

నీ చెల్లెలు

తా.క. తీసి ఉంటే, ఏం తీశావో నాకు మాత్రం రాయి.

---

చెల్లాయికి,

నేనేమీ తియ్యలేదు. తీసింది వాళ్ళే. నిన్న పడుకోబోయే ముందు నా పై పళ్ళన్నీ తీసేశారు. డబ్బాలో నీళ్ళు పోసి, అందులో వేసి, మూత మీద నా పేరు రాశారు. "చెప్పకుండా చెయ్యి పెట్టను తాతగారూ" అని ఆ పొడుగాటమ్మాయి మర్యాదగానే అడిగింది. ఎంతసేపని బిగబట్టుకోను?

నీ అన్నయ్య

తా.క. డబ్బా కిటికీలో పెట్టారు. అవి నన్నే చూస్తున్నాయి.

---

అన్నయ్యకి,

పై పళ్ళన్నీనా! మర్యాదగా అడిగి మరీ రాలగొట్టారా! పేరు రాసి దాచారంటే సాక్ష్యానికే. నీ ఉత్తరం భోజనాల గదిలో చదివి వినిపించాను. ఎవరికీ ముద్ద దిగలేదు. ఇవాళ మా ఆయాలూ శిక్షణ అంటూ బ్రష్షులతో వచ్చారు. వరండా వరండా అంతా మూతి బిగించింది. పక్కగది హెడ్మాస్టరుగారు ముసుగు తన్నేశారు. నేను ఆయా వేలు కొరికాను.

నీ చెల్లెలు

తా.క. కింద పళ్ళైనా కాపాడుకో.

---

చెల్లాయికి,

తొందరపడ్డావు. అవి కట్టుడు పళ్ళే. మా అన్నయ్య పలువరుస చూడండని నువ్వు ఊరంతా చెప్పుకుంటుంటే నీకు చెప్పడానికి నోరు రాలేదు.

కొన్నాళ్ళుగా నేను తినకపోతే, మనసు విరిగిపోయిందనుకున్నారంతా. మా అబ్బాయి ఫోన్లో మరీ మెత్తగా మాట్లాడసాగాడు. నాకూ భయమేసింది. పళ్ళు తీశాక ఆ అమ్మాయి టార్చి వేసి చూసి, "తాతగారూ, ఇంత పుండు పెట్టుకుని ఎలా ఓర్చుకున్నారండీ?" అంది. శిక్షణ ఇచ్చే పళ్ళ డాక్టరమ్మ వచ్చి, ఒరుసుకునే చోట పళ్ళు అరగదీసింది. పుండు మానాక నిన్న రొట్టె నమిలాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి చూడకుండా గోడవైపు తిరిగాను. ఆ అమ్మాయీ గోడవైపే తిరిగి ఉంది.

ఇప్పుడు నాకు ఉద్యోగం వచ్చింది. డాక్టరమ్మ శిక్షణ ఇచ్చే చోటికల్లా వెళ్ళి, ఆయాలు నేర్చుకోవడానికి నోరు తెరిచి కూర్చోవాలి. రేపే మొదటి రోజు. అక్కడెవరో ఒకావిడ అందరినీ ఎగదోసి, ఆయా వేలు కొరికిందట. ఆవిడకి నచ్చజెప్పడం కూడా నా పనే. చిరునామా చూశాను. మీ హోమే.

రేపు కలుద్దాం.

నీ అన్నయ్య

తా.క. వేలి మీద గాట్లు చూసి డాక్టరమ్మ ముచ్చటపడింది. ఈ వయసులో అంత గట్టి పళ్ళా అంది. నిజం చెప్పు, నీ సొంతవేనా?