వెనక్కి నడిచిన ఓడ

కల్లూరు, ఆదివారం రాత్రి, 2006

బొమ్మ ఓడ పంకాకి నాలుగు రెక్కలూ నిండుగా వచ్చాయి! ఇంకా నమ్మకం కుదరడం లేదు. ఇంతకుముందు రెండుసార్లు కరిగిన లోహం అచ్చు అంచుదాకా పారక మొండి రెక్కలే మిగిలాయి. డెంటల్ ల్యాబులో రోజూ పళ్ల క్యాపులు పోత పోసే నాకే, చొక్కా గుండీ అంత ప్రొపెల్లర్ మూడోసారికి గానీ కుదరలేదు.

మేడ మీది ఖలీల్ చిచ్చా, తాను ఇంజిన్ గదిలో పనిచేసిన ఓడనే మూరెడు పొడవున చెక్కతో చేసుకున్నాడు. దాని ప్లాస్టిక్ పంకా విరిగినప్పటి నుంచి అది అలమారలోనే ఉంది. ఈరోజు నేను చేసిన పంకా బిగించి, పెరట్లో సిమెంటు తొట్టిలో వదిలి, బ్యాటరీ కలిపాడు.

ఓడ కదిలింది. కానీ వెనక్కి!

తప్పు నాదే. మైనంలో నమూనా చెక్కేటప్పుడు రెక్కల వంపు తిరగేసి పెట్టాను.

"చెడగొట్టేసినా చిచ్చా," అన్నాను.

"యాడ చెడింది బేటీ? నీళ్లను ఎట్ల పట్టి లాగుతాండాదో చూడు!" అంటూ తొట్టి చుట్టూ దాని వెంటే తిరిగాడు.

"వైర్లు మారిస్తే ముందుకు పోతాది కదా?"

"పోతాది. కానీ అప్పుడు పంకా ఎడమవైపు తిరుగుతాది, మా అసలు ఓడదేమో కుడివైపు తిరిగేది. ఇంకోటి చేస్తావా?"

చేస్తానని వెంటనే అనేశాను. ఇంట్లోకి వచ్చాక భయం మొదలైంది. అచ్చు మళ్లీ నిండుతుందా? మా ల్యాబు ఓనరు సార్ ఇంకో ఆదివారం తాళం ఇస్తారా? ఏమో...

అయినా ఆగలేక మైనం ముందు పెట్టుకున్నాను. మొదటి రెక్క ఇప్పుడే చెక్కాను. ఈసారి కుడివైపుకే ఒంగింది. దీపం దగ్గర పెట్టి మళ్లీ మళ్లీ చూసుకున్నాను.