కరెంటు పోతే ఇక లేవదట!

కొల్లేటిగట్టు,
ఆకివీడు మీదుగా,
6 అక్టోబరు 2003

తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ల షాపు నడుపుతున్న నిరంజన్ గారికి,

అబ్బాయిరాజు నమస్కారం చేసి, ఆ తర్వాత కోపంగా రాస్తున్న ఉత్తరం అండి.

అయిదేళ్ల కిందట తమరు నాకు కంప్యూటరు అమ్మారు. ఇన్నాళ్లూ దాని మీద ఒక్క మాట అనలేదు. పోయిన నెల తమరి దగ్గరే పెద్ద డిస్కు కొన్నాను. మా ఊరి కరెంటు పనివాడు విశ్వాసం దాన్ని శ్రద్ధగా బిగించాడు. మీట నొక్కాం. నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలొచ్చాయి. అక్కడితో ఆగింది. కాఫీ తాగి వచ్చాం, ఆగే ఉంది. భోంచేసి వచ్చాం, ఆగే ఉంది. పెద్ద డిస్కు పీకేస్తే మాత్రం, ఏమీ ఎరగనట్టు మామూలుగా నడిచింది.

ఆ డిస్కు నాకెందుకో తమరికి చెప్పే కొన్నాను. చలికాలంలో కొల్లేటికొచ్చే పిట్టల కూతలు, దోనెలో తిరిగి ఏళ్ల తరబడి టేపుల్లో పట్టాను. చెమ్మకి టేపులు బూజు పడుతుంటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. పోయినేడాది టేపులు ఇంకా మిగిలే ఉన్నాయి, లోపల చోటు అయిపోయింది. డిసెంబరులో ఏలూరు కాలేజీలో పిట్టల మీద సభ. కూతలు వినిపిస్తానని మాటిచ్చాను. చేపల చెరువులొచ్చాక కొన్ని పిట్టలు రావడమే మానేశాయండి. వాటి గొంతు ఇప్పుడు నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. తమరు దయచేసి సిగ్గుపడి, ఉపాయం చెప్పవలసింది.

ఇట్లు, తమ మేలు కోరే
అబ్బాయిరాజు

తా.క.: మా పోస్టాఫీసు నుంచి తమరికి ఎప్పుడు ఫోను చేసినా ఎంగేజే. ఒక్కసారి మాత్రం తగిలింది. అవతల ఎవరో కీచుమని అరిచి, గరగరమని గొంతు సవరించుకుని, మాట్లాడకుండా ఉండిపోయారు. ఇంట్లో అందరూ కులాసాయేనా?


తాడేపల్లిగూడెం,
10 అక్టోబరు 2003

గౌరవనీయులైన అబ్బాయిరాజు గారికి,

నిరంజన్ వందనాలు. డిస్కులో లోపం లేదండి. కంప్యూటరు లోపల పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద చిన్న చిప్పు. మీట నొక్కగానే ముందు లేచేది అదే. ఏయే సామాను ఉందో చూసుకుని, అప్పుడు మిగతావాటిని లేపుతుంది. దాన్ని బయాస్ అంటారు. మీది 1998 నాటిది. ఆ రోజుల్లో ఇంత పెద్ద డిస్కులు లేవు కాబట్టి, కొత్తదాన్ని చూసి తెల్లబోయి ఆగిపోతోంది.

దీనికి మందు, ఆ చిప్పులో ఉన్నది తీసేసి కొత్తది ఎక్కించడం. మా భాషలో ఫ్లాష్ చేయడం అంటారు. రెండు మూడు నిమిషాల పని. కాకపోతే ఒక్క మాట. ఆ పని జరుగుతుండగా కరెంటు పోతే, బోర్డు ఇక లేవదు. ఆ బోర్డులు ఇప్పుడు దొరకడం లేదు. చేయించాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండి. పాతదైపోయింది కదా, పెద్దగా ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఇట్లు,
మీ నిరంజన్

తా.క.: అరిచింది మా ఇంట్లోవాళ్లు కాదండి, ఇంటర్నెట్టు. ఫోనూ అదీ ఒకే లైను.


కొల్లేటిగట్టు,
17 అక్టోబరు 2003

నిరంజన్ గారికి,

అబ్బాయిరాజు నమస్కారం. తమరి ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక మా ఆవిడ రామలక్ష్మి నాకు మజ్జిగ ఇవ్వవలసి వచ్చింది.

పాతదైపోయింది, తెల్లబోతోంది, ఆశ పెట్టుకోకండి! ఇది ఎవర్ని ఉద్దేశించి రాశారండి? నాకు అరవై ఆరు. నేనూ పొద్దున్న లేవగానే కాసేపు ఆగుతాను. అంతమాత్రాన నన్ను ఫ్లాష్ చేస్తారా?

పైగా వైద్యం మధ్యలో కరెంటు పోతే రోగి పోతాడట. ఇది మందా అండి, విషమా? తమరు ఉండేది గూడెంలో. మా ఊళ్లో కరెంటు ఉంటే పిల్లలు కేరింతలు కొడతారు.

అయినా పెద్దమనిషి చెప్పాడు కదా అని, తమరు చెప్పినట్టే ఫ్లాష్ చేయించాను. ఆకివీడు నుంచి ఫోటోగ్రాఫరు పాపారావుని పిలిపించాను. కరెంటుతో ప్రమాదం అన్నారు కాబట్టి సెల్లులతో నడిచే ఫ్లాషే తెమ్మన్నాను. ఎదుట నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మూత తీయించి లోపల ఒకటి కొట్టాడు. ఫోటోలు జతపరిచాను. కంప్యూటర్లో ఏ మార్పూ లేదు. తమరి షాపు మీద నాకున్న గౌరవంలో మాత్రం మార్పు వచ్చింది.

ఇట్లు,
అబ్బాయిరాజు

తా.క.: పక్క నుంచి తీసిన ఫోటో బాగా వచ్చిందని అందరూ అంటున్నారు. అది తమరు ఉంచుకోవచ్చు.


తాడేపల్లిగూడెం,
22 అక్టోబరు 2003

గౌరవనీయులైన రాజుగారికి,

వందనాలు. ఫోటోలు అందాయి. మా ఆవిడ జెస్సీ చూసి, ఎవరిదండీ పెళ్లిచూపులు అని అడిగింది.

అయ్యా, నేను పాతదన్నది కంప్యూటర్ని. మిమ్మల్ని కాదు. ఫ్లాష్ అంటే ఫోటో కాదు. ఫ్లాపీలో ఉన్నది చిప్పులోకి రాయడం. పదిహేనేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, విషం పెట్టాడని నన్ను ఎవరూ అనలేదండి. నాకూ కోపం వస్తుంది. ఇప్పుడు వచ్చింది.

ఇంకో సంగతి. బోర్డు పోయినా మీ పిట్టలు పోవు. అవి ఉండేది పాత డిస్కులో. డిస్కు వేరు, బోర్డు వేరు. కంప్యూటరు ఇక్కడికి పంపితే నేనే చేసిపెడతాను. పంపనంటే, ఈ ఉత్తరంతో పాటు ఫ్లాపీ పంపుతున్నాను. ఏం నొక్కాలో కాగితం మీద రాసి పెట్టాను. చేస్తే చేయండి, లేకపోతే మానేయండి. ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
నిరంజన్

తా.క.: పక్క ఫోటో షాపులో గోడకి పెట్టాను. ముగ్గురు వచ్చి ఇది అమ్ముతారా అని అడిగారు. అమ్మనని చెప్పాను.


కొల్లేటిగట్టు,
3 నవంబరు 2003

నిరంజన్ గారికి,

అబ్బాయిరాజు నమస్కారం. డిస్కు వేరట, బోర్డు వేరట! చేపలు వేరు, చెరువు వేరు అన్నట్టుందండి. చెరువు ఎండిపోయింది, మీ చేపలకేం ఢోకా లేదు అంటే ఏ రైతు నమ్ముతాడు?

కంప్యూటర్ని తమరి దగ్గరికి పంపే ప్రశ్న లేదు. ఆ రోడ్డు మీద చేపల లారీల మధ్య ప్రయాణం చేస్తే మనుషులకే ఒళ్లు హూనమవుతోంది. పనిష్మెంటు మీద బదిలీ చేసినట్టు దాన్ని ఊళ్లు తిప్పను.

అయితే తమరు తేల్చమన్నారు. తేల్చాను. చేస్తున్నాను! ముందు కరెంటు ఆఫీసుకి వెళ్లి, ఆ పూట మూడు నిమిషాలు కరెంటు తీయకుండా ఉండమని అడిగాను. తీసేది ఎప్పుడో మాకే తెలియదు, తీయనిది ఎప్పుడో ఎలా చెబుతామండీ అన్నారు, చాలా మర్యాదగా. అందుకని చెరువులో చేపలకి గాలి ఆడించే మరలు తిప్పే డీజిలు జనరేటరు ఇంటికి తెప్పిస్తున్నాను. విశ్వాసం దాని పక్కనే ఉంటాడు. పంతులుగారు పదిహేడో తారీఖు సోమవారం పొద్దున్న పది గంటలు దాటాక బాగుందన్నారు. తెర మీద పడేవన్నీ ఫోటోలు తీయడానికి పాపారావు వస్తున్నాడు. తమరూ రావాలి. రాకపోతే నాకు కోపం వస్తుంది, ఇప్పుడున్నది కాక.

ఇట్లు,
అబ్బాయిరాజు

తా.క.: ఫ్లాపీ క్షేమంగా అందింది. దాని మీద మా పోస్టాఫీసు ముద్ర ఎంత చక్కగా పడిందంటే, కవరు చించి చూస్తే లోపల ఫ్లాపీ మీద కూడా ఊరి పేరు చదవడానికి వస్తోంది.


తాడేపల్లిగూడెం,
12 నవంబరు 2003

రాజుగారికి,

వందనాలు, మర్యాదలు తర్వాత. ఆపండి!

ముద్ర గుద్దిన ఫ్లాపీ కంప్యూటర్లో పెట్టకండి. సగం చదివి సగం చదవకపోతే, కరెంటు ఉన్నా బోర్డు లేవదు. జనరేటరు కూడా వద్దు. చెరువులో మర తిప్పే జనరేటరు వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. మీరు కరెంటు పోకుండా చూస్తున్నారు గానీ, అది ఉండి కూడా చంపుతుంది.

నేను చేయమన్నప్పుడు విషమన్నారు. ఇప్పుడేమో ముహూర్తమే పెట్టించారు. ఇదేం న్యాయమండీ? నేను సోమవారం రాలేను, గూడెంలో రెండు పెళ్లిళ్ల కార్డుల పని ఉంది. కొత్త ఫ్లాపీ ఎవరి చేతికైనా ఇచ్చి పంపుతాను. అందాక దాని జోలికి వెళ్లకండి.

ఇట్లు,
ఆందోళనతో నిరంజన్

తా.క.: ఈ ఉత్తరం సోమవారం లోపు అందేలా చూడమని జెస్సీ చర్చిలో ప్రార్థన చేయించింది. పాస్టరు గారు అందరి ముందూ "కంప్యూటరు అనే సోదరి కోసం" అన్నారు.


కొల్లేటిగట్టు,
19 నవంబరు 2003

చిరంజీవి నిరంజన్ బాబుకి,

రామలక్ష్మి ఆశీర్వదించి రాస్తున్నాను. మా రాజుగారు రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. అందుకని ఈసారి నేను రాస్తున్నాను బాబూ.

మీ ఉత్తరం సోమవారం పొద్దున్నే వచ్చింది. ఆయన చదివి, "ఇప్పుడా చెప్పేది!" అని మండిపడి జేబులో పెట్టేసుకున్నారు. పది గంటలకి వీధి అరుగు నిండా జనం. విశ్వాసం జనరేటరు తిప్పాడు. పాపారావు బల్లెక్కి నిలబడ్డాడు. రాజుగారు ఫ్లాపీ చేతిలో పట్టుకున్నారు. ఆ పిట్టలంటే ఆయనకి ప్రాణం బాబూ. నాకు భయం వేసింది.

"ఏవండీ, ఇంత గండం అంటున్నారు కదా, మళ్లీ ఎలా ఉంటుందో ఏమో. ముందు ఒకసారి కూతలన్నీ అందరం వినేద్దాం" అన్నాను. ఆయనకి నచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, కంప్యూటర్లోకి ఎక్కించిన మొదటి టేపు పెట్టారు. ఇది నీటికోడి, ఇది పరజ, అని చెబుతూ వచ్చారు. మామూలుగా ఆ నాలుగు కూతలూ విని, బాగుందని కట్టేస్తారు. ఆ రోజు జనం ముందు మాటల్లో పడి కట్టెయ్యడం మర్చిపోయారు.

పిట్టలు అయిపోయాయి. కాసేపు నీళ్ల చప్పుడు. తర్వాత ఇంకో శబ్దం మొదలైంది. లోతుగా లాగి, ఒక్క క్షణం ఆగి, ఈలలా వదులుతోంది. రాజుగారు ఎగిరి లేచారు. "ఉష్! ఎవరూ మాట్లాడకండి. ఇది నేనెప్పుడూ వినలేదు. కొత్త పిట్ట!" అన్నారు. పంతులుగారు కళ్లు మూసుకుని విన్నారు. ఎంత గంభీరమైన కూత అన్నారు.

విశ్వాసం జనరేటరు వదిలేసి వాకిట్లోకి వచ్చాడు. "రాజుగారూ, తప్పుగా అనుకోకండి. దోనె వేసింది నేనే కదండీ. అది తమరండి," అన్నాడు.

ముప్పై తొమ్మిదేళ్లుగా వింటున్నదాన్ని, నాకు మొదట్లోనే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. తర్వాతి టేపు పెట్టారు. అదీ అంతే. ఏ టేపు పెట్టినా మొదట కాసిని పిట్టలు, ఆపైన మా రాజుగారు. కంప్యూటరు నిండిపోయింది పిట్టలతో కాదు బాబూ. పాపారావు నవ్వు ఆపుకోలేక బల్ల మీద నుంచి దిగాడు.

ఒక్క టేపులో మాత్రం చివర ఈయన నిద్ర లేచారు. అప్పుడే కాబోలు గుంపంతా ఒక్కసారి నీళ్ల మీద నుంచి లేచింది. ఇల్లంతా రెక్కలతో నిండిపోయినట్టయింది. అందులో ఈయన గొంతు మెల్లగా, "అబ్బ, ఎంతమంది వచ్చారర్రా!" అంది. ఎవరూ నవ్వలేదు. విశ్వాసం కళ్లు తుడుచుకున్నాడు. అది మూడేళ్ల కిందటిదట. అంత గుంపు మళ్లీ దిగలేదట.

ఆయన లేచి చెరువు గట్టు మీదికి వెళ్లిపోయారు. నేను కూర్చుని గురకలన్నీ చెరిపేశాను. ఆయన లేనప్పుడు కంప్యూటర్లో పేకాట ఆడుతూ నేర్చుకున్నాను లెండి, చెప్పకండి. ఇప్పుడు పాత డిస్కులోనే బోలెడంత చోటు. మీ బయాసు ఎలా ఉన్నది అలానే ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. ఏలూరు సభలో ఆ రెక్కల టేపు వినిపించమని చెబుతున్నాను. ఆయన ఊ అనలేదు గానీ ఉహూ అని కూడా అనలేదు. మీరూ జెస్సీ తప్పకుండా రండి.

ఇట్లు,
ఆశీస్సులతో
రామలక్ష్మి

తా.క.: పెద్ద డిస్కు వెనక్కి పంపడం లేదు. ఈ చలికాలం కూడా దోనె ఎక్కుతారట.

(అడుగున, వేరే చేతిరాతతో)

నిరంజన్ గారికి నమస్కారం. ఒకరి ఉత్తరాలు చదివే అలవాటు మా వంశంలో లేదండి. పోస్టు డబ్బాలో వేసేముందు కవరు అంటించడానికి తీశాను, అంతే. కానీ న్యాయం న్యాయమే కాబట్టి రాస్తున్నాను. మా ఆవిడ చెరిపేసిన వాటిలో నాలుగోది గురక కాదు. గూడబాతు!

— అబ్బాయిరాజు